మిలిటరీ రహీమ్

పీర్లమెట్ట, మాచర్ల దగ్గర
28 అక్టోబరు 1987

తమ్ముడు జానీకి అక్క జైనాబ్ బీ దువా చేసి రాసేది.

సెలవు అయిపోయి మన చిన్న తమ్ముడు సైదులు మిలిటరీకి తిరిగి వెళ్ళిన రోజు ఎట్లా గడిచిందో రాయమన్నావు. రాస్తున్నాను.

సోమవారం. ఫజర్ నమాజు ముగించేసరికి కోడి రెండోసారి కూసింది. వసారాలో ఏకి పెట్టిన దూది మీద గోనెపట్టా కప్పి పొయ్యి రాజేశాను. సైదులు భార్య అబిదా జొన్నపిండి కలిపింది. ఐదో నెల కదా, వంగి రొట్టె కొట్టలేకపోతోంది. నేనే కొట్టాను. ఎనిమిది రొట్టెలు అయ్యాయి. గోంగూర పచ్చడి హార్లిక్స్ సీసాలో పెట్టి మూతికి గుడ్డ బిగించాను. సైదులు మునగచెట్టుకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకున్నాడు. దవడ కింద తెగితే పేపరు ముక్క చించి అంటించుకున్నాడు.

పాలు పోయడానికి వచ్చిన మహాలక్ష్మమ్మ ఊరుకోదుగా. "ఏరా సైదులూ, నిన్ను సిలోన్‌కు యుద్ధానికి తోలుతున్నారంట గదా! ఆడ రాక్షసులుంటారు, జాగర్తరా. హనుమంతుడి తోకకే నిప్పంటించిన ఊరది" అంది. అబిదా నవ్వింది. సైదులు అద్దంలోకే చూస్తూ ఉండిపోయాడు.

ఒక రొట్టె తిన్నాడు. రెండోది సగంలో వదిలేశాడు. ఆరున్నర బస్సు పైకి పెట్టె ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఇంటికి వచ్చి పరుపు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పొద్దున జరిగింది ఇంతే.

జానీ, నిన్ను ఒక సంగతి అడగాలి. నీ ఉద్యోగం ఏమిటని వీధిలో అడుగుతున్నారు. మిలిటరీ వేరు, పోలీసు వేరు, రెండూ ఒక్కడే ఎట్లా అయ్యాడంటారు. ఇరవై ఏళ్ళుగా నేనూ అడగలేదు. ఆ ఎర్రటోపీ ఎందుకు, మీరు పట్టుకునేది ఎవరిని, ఎట్లా పట్టుకుంటారు, వివరంగా రాయి.

మీ అక్క


సికింద్రాబాద్
2 నవంబరు 1987

అక్కకు జానీ సలాం.

ఇరవై ఏళ్ళకు అడిగావు! నవ్వొచ్చింది, సంతోషమూ కలిగింది. సుబేదార్ సాబ్‌కు కూడా చెప్పాను, మా అక్క మన మిలిటరీ పోలీసు చరిత్ర అడుగుతోందని. ఆయన ఇంకో టీ తెప్పించాడు.

మేము మిలిటరీలోనే ఒక శాఖ. బయటి దొంగలతో మాకు పని లేదు, మా కాపలా సిపాయిల మీదే. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు నాలుగో డివిజనుకు తోడుగా కొద్దిమందితో మొదటి దళం ఏర్పాటు చేశారు. అప్పుడు ప్రోవో దళం అనేవాళ్ళు. ఇప్పటికీ మా యూనిట్లకు ఆ పేరే. యుద్ధం పెరిగినకొద్దీ మేమూ పెరిగాం. ఇప్పుడు ప్రతి డివిజనుకూ ఒక ప్రోవో యూనిట్ ఉంటుంది. అందరికీ పైన ఢిల్లీలో ప్రోవో మార్షల్. మాకు పని నేర్పేది బెంగుళూరులో.

ఎర్రటోపీ ఎందుకంటే, దూరం నుంచి కనబడాలని మా ఉస్తాద్ చెప్పేవాడు. వెయ్యి లారీలు ఒకే దారిన యుద్ధానికి పోతుంటాయి. నాలుగు రోడ్ల కూడలిలో బాంబు పడ్డా కదలకుండా నిలబడి దారి చూపించేది ఎర్రటోపీవాడే. డెబ్భై ఒకటిలో యుద్ధఖైదీల క్యాంపుకు ఆరు నెలలు కాపలా ఉన్నాను. అప్పుడు నేను రాసిన ఉత్తరాలు అమ్మకు నువ్వే చదివి వినిపించేదానివి.

ఇప్పుడు నా పని స్టేషన్లో. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద మాకొక గది ఉంది. రైలు దిగిన ప్రతి సిపాయి సెలవు కాగితం చూస్తాను. టోపీ వంకరగా ఉన్నా ఆపుతాను. ఎంత పహిల్వానైనా నన్ను చూడగానే చొక్కా బొత్తాలు తడుముకుంటాడు! తారీకు దాటిన కాగితమైతే చదవక్కరలేదక్కా. ఇచ్చే చెయ్యే చెప్పేస్తుంది.

ఇదంతా వీధిలో చదివి వినిపించు. ముఖ్యంగా మహాలక్ష్మమ్మకు.

సైదులు చేరినట్టు నాకు కార్డు రాలేదు. నీకు వచ్చిందా?

జానీ


పీర్లమెట్ట
7 నవంబరు 1987

జానీకి అక్క దువా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వీధిలో చదవలేదు.

కార్డు నాకూ రాలేదు.

వెల్దుర్తిలో మనకు తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడున్నాడు. నువ్వు ఎరగవు. మిలిటరీలో లారీ డ్రైవరు. సెలవు అయిపోయినా పోలేదు. సెలవు పొడిగించమని తంతి కొట్టాడు. కొడితే చాలు, పొడిగించినట్టేనని అనుకున్నాడు. కుదరదు, వెంటనే రమ్మని తిరుగు తంతి వచ్చింది. వాడితో ఒకే పళ్ళెంలో తిన్న స్నేహితుడు సిలోన్‌లో లారీతో సహా పేలిపోయాడట. దొరికింది ఒక బూటేనట. బయలుదేరే ముందురోజు ఆ ఉత్తరం అందింది. అప్పటినుంచి పళ్ళెం ముందు పెడితే లేచి వెళ్ళిపోతున్నాడు.

వాడి తల్లి నన్ను అడిగింది. ఇట్లాంటివాణ్ణి ఏం చేస్తారు? ఎన్నాళ్ళదాకా చూస్తారు?

త్వరగా రాయి.

అక్క


సికింద్రాబాద్
12 నవంబరు 1987

అక్కా,

ఆ వెల్దుర్తి డ్రైవరు పేరు రాయలేదు నువ్వు. మంచి పని చేశావు. ఇకముందు కూడా రాయకు. పేరు నా చెవిన పడితే పైవాళ్ళకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే నాదీ నేరమే.

అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఆ తల్లికి చెప్పు.

సెలవు దాటిన కొద్ది రోజులకే యూనిట్ ఒక కాగితం పంపుతుంది. మేము రోలు అంటాం. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చలు, అన్నీ అందులో ఉంటాయి. అది జిల్లా పోలీసుకు వెళుతుంది, అక్కడినుంచి ఊరి ఠాణాకు. ముప్పై రోజులు దాటితే యూనిట్‌లో విచారణ జరిపి పారిపోయినవాడని రాసేస్తారు. ఠాణావాళ్ళు పట్టుకుంటే మా ఎర్రటోపీలు ఇద్దరు ఎస్కార్టుగా వెళ్ళి తీసుకొస్తారు.

తనంతట తాను వచ్చి ఏ ఎర్రటోపీవాడి ముందైనా నిలబడితే, 'స్వయంగా లొంగిపోయాడు' అని రాస్తాం. ఆ ఒక్క ముక్కతో శిక్ష చానా తగ్గుతుంది. పట్టుబడితే ఆ ముక్క ఉండదు.

యుద్ధానికి ఆర్డరు వచ్చాక పారిపోయినవాడికి చట్టంలో ఎంతవరకు రాసి ఉందో చెప్పమంటే, మరణశిక్ష దాకా ఉంది. అమలు చెయ్యడం నా సర్వీసులో చూడలేదు. కానీ ఉంది. దాచినవాళ్ళకూ జైలు ఉంది.

వాడికి రొట్టె కొట్టిపెట్టేది ఎవరని నేను అడగను. నువ్వు చెప్పకు.

త్వరగా రమ్మను. ముప్పై రోజులు నిండడానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు.

జానీ


పీర్లమెట్ట
27 నవంబరు 1987, శుక్రవారం

జానీకి అక్క దువా.

పేరు రాయవద్దన్నావు. ఇవాళ రాయక తప్పదు.

మొన్న బుధవారం మధ్యాహ్నం నమాజు వేళకు ఠాణానుంచి హెడ్డు అమరేశ్వరరావు, ఇద్దరు కానిస్టేబుళ్ళు మన వీధిలోకి వచ్చారు. చేతిలో కాగితం. సూది నా చేతిలోనే ఆగిపోయింది.

"ఏమ్మా, ఈడ అబ్దుల్ రహీమ్ ఎవరు? తండ్రి ఇమాం సాహెబ్. మిలిటరీ."

గుంటూరులో సైదుల్ని మిలిటరీలో చేర్చేటప్పుడు ఆ పేరు క్లర్కుకు చెప్పింది నువ్వే. ఆ పేరుతో వాణ్ణి ఈ ఊళ్ళో ఎవరూ పిలవలేదు. దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని అమ్మ సైదులంది, అందరికీ సైదులే అయ్యాడు.

నేను నోరు తెరిచేలోపే పంపు దగ్గరినుంచి మహాలక్ష్మమ్మ అందుకుంది. "మిలిటరీ రహీమా? సెంటర్లో షెడ్డుకాడ ఉంటాడు పోండయ్యా! ఆడోళ్ళని అడుగుతారేంది?"

వాళ్ళు వెళ్ళిపోయారు.

మెకానిక్ రహీమ్ నీకు అంతగా తెలియదు. షెడ్డు పెట్టి ఎనిమిదేళ్ళయింది. మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన జీపు ఒకటి కొని బాగుచేసుకున్నాడు. ఆ జీపుతో పాటు వచ్చిన ఆకుపచ్చ చొక్కానే తొడుక్కుని తిరుగుతాడు. అందుకని ఊరంతా వాణ్ణి మిలిటరీ రహీమ్ అంటుంది. వాళ్ళ నాయన పేరూ ఇమాం సాహెబే. మనలో ఇంటికొక ఇమాం సాహెబ్ ఉంటాడుగా.

వాడి భార్య సాబిరా వచ్చి చెప్పింది, షెడ్డు దగ్గర ఏం జరిగిందో.

"మిలిటరీ రహీమ్ అంటే నువ్వేనా?"

"నేనే సార్. బండేదన్నా ఆగిందా?"

"బండి కాదు, నువ్వే ఆగావు. పద."

వాడు తమాషా అనుకుని నవ్వాడట. చెంప మీద కొట్టాక నవ్వు ఆపాడట. నేను మిలిటరీలోనే లేనయ్యా అంటే, "పారిపోయొచ్చినోడు ఉన్నానంటాడా? జీపు ఆళ్ళది, చొక్కా ఆళ్ళది, పేరు నీది. ఇంకేంది?" అన్నాడట హెడ్డు.

సాబిరా నా ముందు కూర్చుని ఏడ్చింది. "అక్కా, జానీ అన్న మిలిటరీ పోలీసేగా. ఒక్క ముక్క రాయి. మా ఆయన కాడని ఆయన చెప్తే వదులుతారు. నీ దువా చానా గట్టిది, నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

రాస్తానన్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక గదిలో అబిదా దగ్గింది. నోరు మూసుకున్నాను.

సైదులు మాచర్లలో బస్సు దిగి రైలు ఎక్కలేదు. మూడోనాడు వెల్దుర్తి చిన్నమ్మ పత్తిచేలో పాకకు చేరాడు. అన్నం పంపుతున్నది నేనే. రహీమ్ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.

సజ్దాలో నుదురు నేలకు ఆనిస్తే లేవబుద్ధి కావడం లేదు జానీ. ఏమని అడగాలో తెలియడం లేదు. మనవాడు దొరకకూడదని అడిగితే, పరాయివాడు లోపలే ఉండాలని అడిగినట్టు అవుతుంది.

ఏం చెయ్యమంటావు?

అక్క


సికింద్రాబాద్
30 నవంబరు 1987

అక్కా,

ఇది టపాలో వెయ్యడం లేదు. నాపరాళ్ళ లారీ డ్రైవరు దేవానందం మాచర్ల వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

అబ్దుల్ రహీమ్ దొరికాడని మీ ఠాణానుంచి మాకు కబురు వచ్చింది. శుక్రవారం పొద్దున మా యూనిట్ నుంచి ఇద్దరు బయలుదేరుతున్నారు. మొదటి పేరు నాదే వేశారు. ఆ మనిషి నా తమ్ముడు, నన్ను పంపవద్దని సుబేదార్ సాబ్‌కు చెప్పాను. ఆయన జాబితాలో నా పేరు కొట్టేశాడు. టీ ఇవ్వలేదు.

పట్టుకున్నది వేరేవాణ్ణని చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నీ ఉత్తరం నా పెట్టెలో అడుగున ఉంది. శుక్రవారం వాళ్ళు బయలుదేరేదాకా ఉంచగలను. ఆ తరవాత దాచలేను. ఎస్కార్టు వచ్చి మచ్చలు చూస్తే వీడు కాదని తేలిపోతుంది. మరి అసలువాడు ఎవడని ఇల్లిల్లూ అడుగుతారు. మన గుమ్మంలోకి వస్తారు.

అందుకని చెప్పినట్టు చెయ్యి. దేవానందం బుధవారం సాయంత్రం రాళ్ళు ఎత్తుకుని తిరిగి వస్తాడు. సైదుల్ని ఆ లారీ ఎక్కించు. గురువారం పొద్దున నేను ప్లాట్‌ఫారం గదిలో ఉంటాను. వాడు నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడితే చాలు. 'స్వయంగా లొంగిపోయాడు' అని నా చేత్తోనే రాస్తాను. ఠాణా గడప తొక్కితే ఆ ముక్క ఉండదు. పోలీసులు పట్టుకున్నామనే రాసుకుంటారు. ఆర్డరు వచ్చాక పారిపోయినవాడు, పైగా పట్టుబడ్డవాడు. అప్పుడు ఏమవుతుందో నాకు తెలియదక్కా, నిజంగా తెలియదు.

రహీమ్‌ను ఎట్లాగూ వదిలేస్తారు. ఇంకో నాలుగు రోజులు. నాలుగు రోజులకు మనిషి చావడు.

జనాన్ని పట్టుకునేవాణ్ణి నేను. మొన్నటినుంచి ప్లాట్‌ఫారం మీద ఎవరన్నా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను.

జానీ


పీర్లమెట్ట
2 డిసెంబరు 1987, బుధవారం

జానీకి అక్క దువా.

దేవానందం లారీ వీధి మొదట్లో ఆగి ఉంది. హారను కొడుతున్నాడు. తొందరగా రాస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగు రోజులకు మనిషి చావడని రాశావు. అందుకని ఇవాళ పొద్దున సాబిరాతో కలిసి అన్నం తీసుకుని ఠాణాకు వెళ్ళాను. చూడాలనిపించింది.

రహీమ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళు వాచి ఉన్నాయి. నట్లు విప్పే వేళ్ళు. ముద్ద కలుపుకోలేకపోయాడు. సాబిరా కలిపి పెట్టింది. ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. పెదవి చిట్లినా నవ్వుతున్నాడు.

"ఏమే అక్కా, తమ్ముణ్ణి యాడ దాచావు?"

ఎవరన్నా విన్నారేమోనని తలుపు వైపు చూశాను.

"ఆడి రేకుపెట్టె మీద పేరు రాసింది నేనే గదా. షేక్ అబ్దుల్ రహీమ్ అని రాయమంటే, ఏందిరా నా పేరు ఎత్తుకుపోతున్నావని ఎగతాళి చేశా. ఈళ్ళు కాగితం చదవంగానే అర్థమైంది."

"చెప్పలేదేం నాయనా?"

"చెబుదామనే అనుకున్నా. అబిదా గుర్తొచ్చింది. రెండు రోజులు ఆగుదాం, ఆడే వస్తాడులే అనుకున్నా." గొంతు తగ్గించాడు. "వస్తాడా అక్కా? నాకు భయమేస్తాంది. శుక్రవారం మిలిటరీవాళ్ళకు అప్పజెప్తారంట. ఆళ్ళు నా మాట వినకపోతే?"

నేను తిన్నగా బస్టాండుకు పోయి వెల్దుర్తి బస్సు ఎక్కాను. మధ్యాహ్నానికి సైదుల్ని తీసుకుని వచ్చేశాను. దారిలో వాడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఖాకీ చొక్కా కండక్టరు టికెట్టు అడిగితే లేచి నిలబడ్డాడు.

సాయంకాలం అసర్ నమాజు అయ్యాక నేను, సైదులు, అబిదా కూర్చున్నాం. నీ ఉత్తరం చదివాను. ఒక్క ముక్క దాచలేదు. రహీమ్ అన్నది కూడా చెప్పాను.

సైదులు అడిగాడు, "ఉరేస్తారా అక్కా?"

"తెలియదు" అన్నాను. జానీకే తెలియనిది నాకేం తెలుసు?

అబిదా నీ మాటే అంది. "లారీ వచ్చి ఉంది. ఎక్కమనండి. ముందు మన మనిషిని చూసుకుందాం. రహీమన్నను ఎట్టాగూ వదుల్తారంటున్నారుగా. నా బిడ్డకు తండ్రి వద్దా?" ఆమెను తప్పు పట్టలేను. నా లోపలా ఆ మాటే ఉంది. వారం రోజులనుంచి అదే ఉంది.

సైదులు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"వేళ్ళు విరిగినయ్యా?" అన్నాడు.

"వాచాయి. విరిగాయో లేదో తెలియదు."

"ఇయ్యాల కూడా కొడతారా?"

"ఏమో."

"నేను సికిందరాబాదు పోతే, శుక్రవారం ఆళ్ళొచ్చేదాకా కొడతానే ఉంటారుగా." లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. "నాకు సిలోనంటే భయమక్కా. ఠాణా అన్నా భయమే. రెండూ ఒకటే భయం. ఠాణా అయితే దగ్గర, ఆడికే పోతా."

అబిదా మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. తల ఎత్తకుండానే, "పోయేదేదో ఇప్పుడే పోదాం, పొద్దున దాకా ఎందుకు? పొద్దునకు మళ్ళీ మనసు మారుద్ది. నాదైనా మారుద్ది" అంది.

ఈ సాయంత్రం అందరం కలిసి అనుకున్నది ఇది.

సైదులు లారీ ఎక్కడం లేదు. ఈ ఉత్తరం ఒక్కటే వస్తుంది. వాడు మిలిటరీ బట్టలు తొడుక్కున్నాడు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్‌కు ముందే ముగ్గురం నడిచి ఠాణాకు పోతాం. దారిలో సాబిరా ఇంటి ముందు ఆగి, నిజం నేనే చెబుతాను. ఆమె ఏమన్నా పడతాను. దాచింది నేనేనని హెడ్డుకు చెబుతాను. వాడు తన కాళ్ళతో నడిచి వచ్చాడని ఒక కాగితం రాయించి, ముగ్గురు ఊరిపెద్దల వేలిముద్రలో సంతకాలో వేయించి నీకు పంపుతాను. అది మీ చట్టంలో చెల్లుతుందో లేదో నాకు తెలియదు. చెల్లకపోయినా పోతాం.

నీ సంగతి కూడా అనుకున్నాం. నీ పెట్టెలో ఉన్న నా ఉత్తరం శుక్రవారం దాకా ఉంచవద్దు, తెలిసీ దాచిన నేరం నీకు వద్దు. ఇది అందగానే రెండూ తీసుకుపోయి మీ సుబేదార్ సాబ్ చేతిలో పెట్టు. అందులో ఉన్నది నా చేతిరాత, నా సంతకం. అడిగితే మా అక్క రాసిందని చెప్పు.

అక్క జైనాబ్ బీ